పాటలను జల్లెడ పట్టిన జాన్ వెస్లీ



క్రిస్మస్ దినాలలో 'దూత పాట పాడుడీ' అనే కీర్తన వినపడని తెలుగు సంఘము బహుశా ఉండదు. బరంపురంలోనైనా, బెంగళూరులోనైనా, చెన్నైలోనైనా, ముంబయిలోనైనా, యానాంలోనైనా ఆ పాట ఎత్తుకోగానే ముసలివారు సైతం పుస్తకం చూడకుండా పాడేస్తారు. అయితే ఆ కీర్తనకు ఇంగ్లీషు మూలం వ్రాసిన చార్లెస్ వెస్లీ గారు మొదటి చరణంలో దూతలను పెట్టనే లేదని మనలో ఎందరికి తెలుసు? 1739లో అచ్చయిన ఆయన మొదటి పంక్తిలో ఆకాశమండలమంతా మారుమ్రోగుతున్నది, అంతే. ఆకాశానికి ఆయన వాడిన మాట ఆనాటికే పాతబడిపోయిన మాట. 1753లో జార్జి విట్‌ఫీల్డ్ గారు తన కీర్తనల పుస్తకంలో ఆ పంక్తిని దిద్ది, దూతలు పాడుచున్నట్లు మార్చారు. ఆ దిద్దుబాటే లోకమంతటా వ్యాపించి, చివరకు మన తెలుగు పాటలో మొట్టమొదటి మాటై కూర్చున్నది.

మనం ఎంతో ఇష్టంగా పాడుకొనే పాట కూడా మొదటిసారి కాగితం మీద పడినప్పుడు ఇప్పుడున్నట్లు లేదన్నమాట. ఎవరో ఒకరు దానిని తూచి చూశారు, గీకారు, కత్తిరించారు. ఆ పనిని జీవితమంతా చేసిన మనిషి చార్లెస్ గారి అన్న జాన్ వెస్లీ గారు. ఆయనను గొప్ప సువార్తికుడుగా, మెథడిస్టు సమాజ స్థాపకుడుగా అందరూ ఎరుగుదురు. గుర్రం మీద వేలాది మైళ్ళు తిరిగిన సంగతి సండేస్కూలు పిల్లలు కూడా చెప్తారు. పాటలను పరీక్షించి దిద్దిన జాన్ వెస్లీని గూర్చి మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. ఈసారి ఆయన జీవితాన్ని ఆ వైపునుండి చూద్దామని మా ఉద్దేశము.

దీనికి ఒక కారణం ఉన్నది. ఇప్పుడు మన సంఘాలలో ఎవరైనా పాట కడితే వారం తిరగకముందే రికార్డు చేయిస్తున్నారు. ఉత్సాహము మంచిదే, మేము కాదనము. కాని తెలుగు బడి లేని ఊళ్ళలో స్థిరపడిన మనవంటి వారి పిల్లలకు తెలుగు వచ్చేది సగం ఇంట్లో, సగం పాటల్లో. పాటలో తప్పు మాట ఉంటే అదే వారికి ఒప్పు మాట అవుతుంది. పాటలో వాక్యవిరుద్ధమైన భావం ఉంటే అదే వారి వేదాంతం అవుతుంది. రికార్డు బయటకు వెళ్ళిన తరువాత వెనక్కు పిలవలేము. వెస్లీ కాలంలో రికార్డు లేదు, అచ్చు ఉన్నది. కష్టం అదే.

జాన్ వెస్లీ 1703 జూన్‌లో ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి శామ్యూల్ ఆ ఊరి గుడికి పాదిరి. తల్లి సుసన్నా. పందొమ్మిది మంది సంతానంలో చాలామంది పసితనంలోనే పోయారు. 1709లో ఇల్లు తగలబడినప్పుడు అయిదేండ్ల జాన్‌ను కిటికీలోనుండి దింపి కాపాడిన కథ అందరికీ తెలిసినదే గనుక ఇక్కడ విస్తరించడం లేదు. మనకు కావలసిన సంగతి వేరే ఉన్నది. ఆ ఇల్లు పద్యాల ఇల్లు. తండ్రి కవి. పెద్దన్న శామ్యూల్ కవి. అక్క హెట్టీ మంచి పద్యాలు వ్రాసింది. తమ్ముడు చార్లెస్ సంగతి చెప్పనక్కరలేదు. అటువంటి ఇంట్లో పెరిగిన జాన్‌కు వ్రాయడంకంటె వ్రాసినదానిలో ఎక్కడ బిగువు తగ్గిందో కనిపెట్టే చెవి ఎక్కువగా అబ్బింది. ఆక్స్‌ఫర్డులో చదువుకొని, 1726లో అక్కడే లింకన్ కాలేజీలో ఫెలోగా ఎన్నికయ్యారు. ఆ చదువు ఆయన చేతికి పదునైన కత్తెరను ఇచ్చింది.

1735 అక్టోబరులో తమ్ముడితో కలిసి అమెరికాలోని జార్జియా వలస ప్రాంతానికి ఓడ ఎక్కారు. అదే ఓడలో 26 మంది మొరావియన్ విశ్వాసులు ఉన్నారు. వీరు జర్మను భాష మాట్లాడేవారు. 1736 జనవరిలో పెద్ద తుపాను వచ్చి, తెరచాప చినిగి, నీళ్ళు ఓడ మీదకు ఎక్కినప్పుడు ఇంగ్లీషువారు కేకలు పెట్టారు. ఆ జర్మనులు మాత్రం ఎత్తిన కీర్తన ఆపకుండా పాడారు. వెస్లీని కదిలించిన సంగతి అది. అయితే ఆ పాటల భాష కోసం ఆయన తుపాను వచ్చేదాకా ఆగలేదు. ఓడ బయలుదేరిన తొలి దినాలనుండే, వారితో మాట్లాడాలని జర్మను నేర్చుకోవడం మొదలుపెట్టారు.

తరువాత ఆ పాటలను ఇంగ్లీషులోనికి తీసుకురావడంలో ఆయన చూపిన పద్ధతి మన అనువాదకులు గమనించదగినది. ఉన్నది ఉన్నట్లు మాటకు మాట పెట్టలేదు. జింజెన్‌డార్ఫ్ ప్రభువు క్రీస్తు రక్తమును, నీతిని గూర్చి 1739లో వ్రాసిన ఒక కీర్తనలో 33 చరణాలు ఉంటే, మరుసటి యేట వెస్లీ దానిని 24 చరణాలకు తెచ్చారు. ఆ తరువాతి పుస్తకాలలో ఇంకా తగ్గించారు. మంచి చరణం కూడా మరో మంచి చరణం పక్కన నిలబడి దాని బలాన్ని తగ్గిస్తుంటే తీసివేయడానికి వెనుకాడలేదు. ఇది కష్టమైన పని. చెడ్డ చరణాన్ని ఎవరైనా తీస్తారు.

1737లో అమెరికాలోని చార్లెస్టన్ పట్టణంలో లూయిస్ తిమోతి అనే ముద్రాపకుని చేత ఆయన ఒక చిన్న కీర్తనల పుస్తకం అచ్చు వేయించారు. అందులో 70 పాటలు. దాదాపు సగం ఐజాక్ వాట్స్ గారివి, మిగిలినవి తన తండ్రివి, అన్నవి, ఇతర కవులవి, జర్మనునుండి తాను తెచ్చినవి అయిదు. చార్లెస్ పాట ఒక్కటీ లేదు. అప్పటికి చార్లెస్ గారి ఊట ఇంకా తెరచుకోలేదు.

అదే సంవత్సరం సవన్నాలో ఆయన మీద గ్రాండ్ జ్యూరీ నేరారోపణలు చేసింది. అసలు కక్ష వేరు. అక్కడి పెద్ద మేజిస్ట్రేటు గారి మేనకోడలికి వెస్లీ ప్రభువు బల్ల నిరాకరించారు, అందుచేత మేజిస్ట్రేటు పగబట్టాడు. ఆ అమ్మాయిని వెస్లీ పెండ్లాడదలచి వెనుకాడిన కథ కూడా వెనుక ఉన్నది. కాని ఆరోపణల పట్టీలో పాటల మాట కూడా చేర్చారు. ప్రభుత్వము ఒప్పిన కీర్తనలను తన ఇష్టప్రకారం మార్చుచున్నాడనీ, ఏ అధికారి చేతా పరిశీలింపబడని పాటలను ఆరాధనలో ప్రవేశపెట్టుచున్నాడనీ వారి ఫిర్యాదు. పగతో చెప్పినా ఆ రెండవ మాటలో ఒక ప్రశ్న ఉన్నది. ఇతరుల పాటలను తూచేవాని తూనికరాళ్ళను ఎవరు తూచాలి? ఈ ప్రశ్న ఆయనను జీవితమంతా వెంటాడింది. ఆయన దానికి పూర్తిగా జవాబు చెప్పారని మేము అనుకోము.

1737 డిసెంబరులో జార్జియా విడిచి, మరుసటి ఫిబ్రవరిలో ఇంగ్లండు చేరారు. 1738 మే నెలలో మూడు రోజుల తేడాలో మొదట చార్లెస్, తరువాత జాన్ రక్షణ నిశ్చయత పొందారు. ఆ యేడే లండనులో మరొక కీర్తనల పుస్తకం వెలువడింది. వాట్స్ గారు 90వ కీర్తన ఆధారంగా 1719లో వ్రాసిన ప్రసిద్ధ గీతం అందులో ఉన్నది. వాట్స్ దానిని మా దేవుడు అన్న అర్థంతో మొదలుపెట్టారు. వెస్లీ ఆ మొదటి మాట మార్చి దేవుని నేరుగా పిలిచే పిలుపుగా చేశారు. ఇంగ్లీషులో అది ఒక్క చిన్న మాట. దేవుని గూర్చి చెప్పుకొనేది కాస్తా దేవునితో చెప్పుకొనేదైంది. నేటికీ ఎక్కువ పుస్తకాలలో వెస్లీ దిద్దిన రూపమే ఉన్నది.

అన్ని దిద్దుబాట్లూ ఇలా ఫలించలేదు. జార్జి హెర్బర్ట్ అనే భక్తకవి ఒక శతాబ్దం ముందు వ్రాసిన పద్యాలంటే వెస్లీకి ప్రాణం. ఒక్కొక్క పద్యానికి ఒక్కొక్క నడక, ఒక్కొక్క ఆకారం. గుంపు పాడుకోవాలంటే మామూలు ఛందస్సులో ఉండాలని, వెస్లీ నలభై వరకు పద్యాలను కొలతకు కోసి 1739 నాటి పుస్తకంలో వేశారు. కుంకుడు గింజల్లా ఉన్నవాటిని శనగగింజల్లా చేయబోయినట్లయింది. పద్యం పోయింది, పాట కాలేదు. వాటిని సంఘాలు పెద్దగా పాడిన జాడ లేదు. ప్రతి మంచి కవిత్వమూ పాటగా మారదని ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది.

అదే 1739లో విట్‌ఫీల్డ్ పిలుపు మీద బ్రిస్టల్ వెళ్ళి బయలు ప్రదేశాలలో ప్రసంగించడం ప్రారంభించారు. వినవచ్చినవారు కింగ్స్‌వుడ్ బొగ్గుగనుల కూలీలు, నేతపనివారు, దాసీలు. అనేకులకు చదువు రాదు. పాట పెట్టేవాడు రెండేసి పంక్తులు చదివితే జనం వాటిని పాడేవారు, మళ్ళీ రెండు పంక్తులు. మన పల్లెల్లో పెద్దలు చెప్పి పాడించిన పద్ధతే. దీనివల్ల పాటకు ఒక కఠినమైన పరీక్ష ఏర్పడింది. పంక్తి వినగానే అర్థం కావాలి. అర్థం నాలుగో పంక్తిలో తేలే వాక్యం అక్కడ పనికిరాదు. పుస్తకంలో అందంగా కనిపించి నోటికి ఎక్కని పాట ఆ మైదానంలో తేలిపోయేది.

తరువాతి యేండ్లలో తన బోధకులకు ఇచ్చిన ఉత్తరువులలో ఆయన ఒక విచిత్రమైన మాట చేర్చారు. పాట మధ్యలో అప్పుడప్పుడు హఠాత్తుగా ఆపి, ఇప్పుడు మీరు పాడినదేమిటో మీకు తెలిసిందా, మీరు అనుభవించినదే పాడారా, లేక ఎక్కువ చెప్పారా అని జనాన్ని అడగమన్నారు. ఒకసారికి అయిదారు చరణాలకు మించి పాడించవద్దని, మాటలకు తగిన రాగమే ఎన్నుకొమ్మని కూడా అందులో ఉన్నది. ఈ పరీక్షను ఏ రికార్డింగుకైనా ముందు చేసి చూడవచ్చును. పాటను సంఘములో నాలుగు ఆదివారాలు పాడించి, మధ్యలో ఆపి, వెనుక బల్లమీద కూర్చున్న అవ్వను అర్థం అడిగితే చాలు. ఆ అవ్వ చెప్పలేకపోతే స్టూడియో బాడుగ దండగ.

ఇక అన్నదమ్ముల మధ్య పని ఎలా సాగిందో చూద్దాం. చార్లెస్ కట్టిన కీర్తనలు ఆరు వేలకు పైగా ఉన్నాయి. గుర్రం మీద వస్తూ పాట కట్టి, లండను సిటీరోడ్డులోని ఇంటి ముందు దిగగానే కలం, సిరా అని కేకలు పెట్టి, వ్రాసిన తరువాతనే పలకరింపులు మొదలుపెట్టేవాడని ఆయనను ఎరిగినవారు చెప్పారు. ఇంత వేగంగా వచ్చే నీటికి కట్ట కావాలి. ఆ కట్ట అన్నగారు. చార్లెస్ వ్రాయడం, జాన్ చదివి కొన్నిటిని ఒప్పి, కొన్నిటిని కుదించి, కొన్నిటిని పక్కన పెట్టడం. ఇద్దరికీ దెబ్బలాట లేకపోలేదు.

1749లో చార్లెస్ వివాహము జరిగింది. ఆ ఖర్చులకని ఆయన రెండు సంపుటాల కీర్తనలు తానొక్కడే ప్రచురించారు. అన్నగారికి ముందుగా చూపలేదు. అచ్చయిన తరువాత చదివిన జాన్, తాను వాటిని ముందు చూడలేదనీ, అందులో తనకు సమ్మతం కాని విషయాలున్నాయనీ తరువాత ఒక గ్రంథములోనే వ్రాయవలసి వచ్చింది. అది ఛందస్సు తగాదా కాదు, సిద్ధాంతపు తగాదా. పరిశుద్ధత ఒక్క క్షణంలో కలుగునా, మరణమువరకు క్రమముగా కలుగునా అన్న విషయంలో ఇద్దరి మాట ఒకటి కాదు. ప్రసంగంలో అయితే ఆ తేడా ఒక గంటలో మరచిపోతారు. పాటలో పెడితే మనుమలు పాడతారు. జాన్ భయం అదే. 1762లో చార్లెస్ వాక్యభాగాల మీద 2,030 చిన్న కీర్తనలు వేసినప్పుడు జాన్ తన ప్రతి అంచులలో కలంతో ఆక్షేపణలు వ్రాసుకుంటూ పోయారు.

ఆయన రుచి ఎంత ఖచ్చితమైనదో 1761 క్రిస్మస్ మరునాడు తమ్ముడికి వ్రాసిన జాబులో కనబడుతుంది. చార్లెస్ క్రీస్తు జననాన్ని గూర్చి 1745లో వేసిన చిన్న పుస్తకంలో 18 పాటలుండేవి. ఎవరో దానిని మళ్ళీ అచ్చువేస్తూ ఒక పాటను వదిలివేశారు. పుస్తకమంతటిలో శ్రేష్ఠమైనది అదేనని జాన్ గారికి కోపం. అది లేకుండా ఇకమీదట అచ్చువేయవద్దన్నారు. అంతటితో ఊరుకోక, మిగిలినవాటిలో ఒకటి రెండు తీసివేస్తే సంతోషిస్తాను, అవి మరీ చిన్నపిల్లల జోలపాటల్లా మెత్తగా ఉన్నాయన్నారు. పొగడ్త, తెగడ్త ఒకే జాబులో, అదీ ప్రియమైన తమ్ముడికి. ఇలా చెప్పగలిగే మనిషి ప్రతి పాట కట్టేవానికీ ఒకడుండాలి. మన మధ్య పాట వినిపించగానే అందరూ వందనాలు బ్రదర్, చాలా బాగుంది అనేవారే.

మెత్తదనం అంటే ఆయనకు ఎందుకంత అయిష్టం? ప్రభువును పిలిచేటప్పుడు ముద్దుమాటలు, చనువుమాటలు వాడితే దేవుని ఎదుట మంటివాడికి ఉండవలసిన భయము పోతుందని ఆయన నమ్మకం. చార్లెస్ ఒక పాటలో గాయపడిన క్రీస్తు ముఖాన్ని వర్ణించేచోట వాడిన ముద్దుమాటను జాన్ మార్చి, కొంచెం నిదానమైన మాట వేశారు. ఇది అతి అని కొందరంటారని ఆయనకు తెలుసు. 1789లో, 86 ఏండ్ల వయసులో, ఒక ప్రసంగములో ఈ సంగతి ఎత్తి, జర్మను పాటలలో తాను గీకవలసినవన్నీ గీకానో లేదో అని సందేహపడ్డారు. యాభై ఏండ్ల క్రిందటి అనువాదాలను గూర్చి ఆ వయసులో ఆ సందేహం! పరమగీతములోని పిలుపులను విరివిగా వాడే మన పాటలను వింటే ఆయన ఏమనేవారో ఊహించుకోవచ్చు. ఈ విషయంలో మేము పూర్తిగా ఆయన పక్షం కాదు. వాక్యంలో ఉన్న మాటను వాక్యంలో ఉన్న భయముతో పాడితే తప్పేమీ లేదు. అయితే సినిమా పాటలో ప్రియురాలికి సరిపోయే చరణం పేరు మారిస్తే ప్రభువుకు సరిపోతున్నదంటే ఆ చరణాన్ని మళ్ళీ చూసుకోవాలి.

రాగాల దగ్గర ఆయన పడిన పాట్లు ఇంకొక కథ. 1742లో లండనులో ఫౌండరీ అనే ప్రార్థనా మందిరంలో పాడే రాగాలు నలభై వరకు కూర్చి అచ్చు వేయించారు. అది పూర్వం ఫిరంగులు పోతపోసిన కార్ఖానా. సదుద్దేశమే గాని స్వరాలు తప్పులతడకగా అచ్చయ్యాయి. చూసి దిద్దే సంగీతజ్ఞుడు లేడు. 1746లో దానికి విరుగుడుగా మరొకటి వచ్చింది. లాంపే అనే జర్మను విద్వాంసుడు, నాటకశాలలకు సంగీతం కూర్చినవాడు, వెస్లీల స్నేహితుడై పండుగ పాటలకు 24 రాగాలు కట్టారు. అందమైనవే, కాని గమకాలు, మెలికలు ఎక్కువ. బొగ్గుగని కూలీ గొంతుకు అవి ఎక్కడ పలుకుతాయి?

మూడవ పుస్తకానికి వచ్చేసరికి వెస్లీ పట్టుదల పట్టారు. 1761లో వేసిన రాగాల పుస్తకపు ముందుమాటలో తన బాధంతా వెళ్ళబోసుకున్నారు. ఇరవై ఏండ్లకు పైగా ఇటువంటి పుస్తకం కోసం ప్రయత్నిస్తున్నాననీ, సంగీత విద్వాంసులు ఎవరి మాటా వినరనీ, తన జనం పాడుతున్నది పాడుతున్నట్లు, మెరుగుపరచకుండా, చెడగొట్టకుండా వ్రాసి ఇచ్చేవాడు కావాలనీ చెప్పుకున్నారు. పుస్తకం చివర పాడేవారికి కొన్ని సూచనలు కూడా చేర్చారు. ముందు ఈ రాగాలు నేర్చుకోండి, తరువాత ఎన్నయినా నేర్చుకోవచ్చు. అచ్చులో ఉన్నట్లే పాడండి. అందరూ పాడండి. సగం నిద్రపోతున్నట్లు కాక గట్టిగా పాడండి, అయితే పక్కవాని గొంతు మునిగేలా అరవకండి. తాళం తప్పకండి, సాగదీయకండి. అన్నిటికంటె పైగా ప్రతి మాటలోనూ దేవుని మీద దృష్టి ఉంచండి. ఇదీ ఆ సూచనల సారం. సాగదీయడాన్ని గూర్చి ఆయన చెప్పినది మన ఆరాధనలకు సరిగ్గా సరిపోతుంది, పేర్లు చెప్పడం దేనికి!

మెరుగుపరచవద్దన్న మాట వింతగా తోచవచ్చు. మాటలను ఇంత దిద్దినవాడు రాగాన్ని ఎందుకు దిద్దనీయలేదు? మా తలంపు ఇది. మాట సత్యానికి జవాబుదారి గనుక దానిని దిద్దాలి. రాగం జనానిది. జనం గొంతులో అరిగి నున్నబడిన రాగానికి విద్వాంసుడు కొత్త మెరుగు పెడితే, విద్వాంసుడు ఒక్కడే పాడుకోవాలి. 1779 జూన్‌లో ఆయన సంగీతశక్తిని గూర్చి ఒక చిన్న వ్యాసం వ్రాశారు. ఒకే రాగం తిన్నగా నడిస్తే హృదయాన్ని తాకుతుందనీ, నాలుగు గొంతులు నాలుగు దారులు పట్టే కూర్పు చెవికి చమత్కారమే గాని హృదయానికి చేరదనీ అందులో వాదించారు. 1781 ఏప్రిల్‌లో వారింగ్టన్ అనే ఊరికి వెళ్ళినప్పుడు, మంచి గొంతుగల కొద్దిమంది నాటకపు పాటలాంటి బాణీలో, ఒకేసారి వేర్వేరు మాటలు పలుకుతూ, ఎవరికీ తెలియని కీర్తన పాడటం చూసి ఆ అలవాటు మాన్పించారు. నాలుగు స్వరాల గాయక బృందాలు గల మన బాప్టిస్టు సంఘాలకు ఇది చేదుగా ఉండవచ్చు. నిజానికి ఈ విషయంలో ఆయన కొంత మొండివాడే. ఆయన కాలంలోనే ఇంగ్లండంతా హేండెల్ కూర్చిన సంగీతం విని కన్నీరు పెట్టుకున్నది.

1780లో ఆయన పాటల పని అంతటికీ ముగింపులాంటి పుస్తకం వచ్చింది. 525 కీర్తనలు. అప్పటికి నలభై ఏండ్లుగా ఎన్నో చిన్నా పెద్దా పుస్తకాలు వెలువడ్డాయి. బీదజనం అన్నీ కొనుక్కోలేరు. ఒక్కటే పుస్తకం, మరీ లావుగా ఉండకూడదు, ధర తక్కువగా ఉండాలి, కావలసినవన్నీ ఉండాలి. పండుగల క్రమంలో కాక విశ్వాసి అనుభవాల క్రమంలో వాటిని పేర్చారు. పాపికి పిలుపు, పశ్చాత్తాపము, విశ్వాసము, పోరాటము, శ్రమ, ఇలా.

మొదటి కీర్తన చూడండి. వేయి నాలుకలు కావాలని కోరే ఆ గీతాన్ని చార్లెస్ 1739లో తన రక్షణకు ఏడాది నిండినప్పుడు వ్రాశారు. 18 చరణాలు. ఇప్పుడు లోకమంతా పాడే మొదటి చరణం అసలు ఏడవది. ముందున్న ఆరు చరణాలూ చార్లెస్ సొంత అనుభవపు ఉపోద్ఘాతం. జాన్ వాటిని పక్కకు పెట్టి ఏడవదానితో ఎత్తుకొన్నారు. అంతకుముందు 1767లో మరొకరు కూడా అలాగే ప్రారంభించి ఉన్నారు. యాకోబు పెనుగులాటను గూర్చి చార్లెస్ 1742లో వేసిన గొప్ప గీతానికి 14 చరణాలుంటే, 1780లో 12 మిగిలాయి. ఇక ఆత్మప్రియుడైన యేసు చెంతకు తుపానులో పారిపోయే ఆ జగత్ప్రసిద్ధ కీర్తన? దానిని జాన్ అసలు చేర్చలేదు. ప్రభువును ప్రియుడని పిలవడం ఆయనకు రుచించలేదని చాలామంది పండితుల తలంపు. ఆయన పోయిన తరువాత 1797 నాటి ముద్రణలో గాని అది చోటు దక్కించుకోలేదు. జల్లెడ ఎంత మంచిదైనా అప్పుడప్పుడు గింజ కూడా క్రింద పడుతుంది.

ఆ పుస్తకానికి ఆయన వ్రాసిన ముందుమాటలో ధైర్యమూ ఉన్నది, గర్వమూ ఉన్నది. ఈ పాటలలో ప్రాస కోసం అతికిన ముక్క లేదు, ఉబ్బుమాట లేదు, నీచమాట లేదు, అర్థంలేని మాట లేదు అన్నారు. ఇది పాట కట్టేవారందరూ దగ్గర పెట్టుకోవలసిన కొలత. ఆ తరువాత మరొక విన్నపం చేశారు. మా పాటలను ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, అయితే దిద్దవద్దు, ఎందుకంటే దిద్దడం మీ చేత కాదు. తప్పనిసరిగా దిద్దితే అసలు పాఠం అంచులోనో అడుగునో వేయండి, మీ పిచ్చిమాటలకు మేము జవాబు చెప్పుకోనక్కరలేకుండా చేయండి. వాట్స్‌ను, హెర్బర్ట్‌ను, జర్మను భక్తులను జీవితమంతా దిద్దిన మనిషి ఈ మాట అనడం చూస్తే నవ్వు వస్తుంది. సవన్నా పెద్దలు బ్రతికి ఉంటే ఇంకా ఎక్కువ నవ్వేవారు. కాని అసలు పాఠం పక్కన వేయండి అన్న ఆ చివరి కోరిక న్యాయమైనదే. మన పెద్దల కీర్తనలను కొత్త వాద్యాలతో రికార్డు చేసే మన యౌవనస్థులు ఎవరు వ్రాశారో, ఏ మాట మార్చామో చెప్పకుండా బయటికి పంపుతున్నారు. రెండు తరాల తరువాత అసలు మాట ఏదో చెప్పేవారు ఉండరు.

1788 మార్చి 29న చార్లెస్ కన్నుమూశారు. ఆ వార్త వ్రాసిన జాబు దారి తప్పి ఆలస్యంగా అందడం వలన జాన్ భూస్థాపనకు వెళ్ళలేకపోయారు. రెండు వారాల తరువాత బోల్టన్‌లో ఆరాధన నడిపిస్తూ ఆ యాకోబు గీతాన్ని ఇచ్చారు. తోడున్నవారు ముందుగా వెళ్ళిపోయి తాను ఒంటరిగా మిగిలానన్న పంక్తి మొదటి చరణంలోనే వస్తుంది. అక్కడికి వచ్చేసరికి 84 ఏండ్ల ఆ వృద్ధుడు చేతులతో ముఖం కప్పుకొని ఏడ్చారు. సభంతా ఏడ్చింది. తమ్ముడి పాటలను అంతగా గీకినవాడు. ఆ యేడే బోధకుల సభలో తమ్ముని గూర్చి ప్రకటిస్తూ, ఆ ఒక్క గీతం తాను వ్రాసినవన్నిటికీ సమానమని వాట్స్ అన్నట్లు జాన్ గుర్తు చేశారు.

తన వంతు 1791లో వచ్చింది. మార్చి 1వ తేదీన సిటీరోడ్డులోని ఇంట్లో, చుట్టూ స్నేహితులుండగా, లేవలేని స్థితిలో ఉన్న ఆయన ఉన్నట్టుండి ఒక కీర్తన ఎత్తుకున్నారు. అది తమ్ముడిది కాదు, తనది కాదు. 1737లో చార్లెస్టన్‌లో అచ్చువేసిన పుస్తకంలోని వాట్స్ గారి పాట. వాట్స్ వ్రాసినప్పుడు మొదటి పంక్తిలో ఊపిరి సృష్టికర్తను స్తుతించే సాధనంగా ఉండేది. ముప్పది నాలుగేండ్ల వయసులో వెస్లీ అక్కడ చిన్న మార్పు చేసి దానిని స్తుతికి గడువుగా మార్చారు, అంటే ఊపిరి నిలిచి ఉన్నంత కాలమూ అని. ఇప్పుడు ఆ దిద్దిన రూపంలోనే రెండు చరణాలు పాడారు. ఆ రాత్రి మళ్ళీ పాడబోయి మొదటి రెండు మాటలు మాత్రమే పలుకగలిగారు. మరునాడు ఉదయం, మార్చి 2న, 87 ఏండ్ల వయసులో ప్రభువునందు నిద్రించారు.